లక్కపిడతలు: రంగు పూసినవి కావు, లక్క పట్టించినవి

లక్కపిడతలు అంటే చెక్కను లేత్ మీద గుండ్రంగా తీర్చి, పైన రంగు లక్క పట్టించి చేసే చిన్న ఆట సామాను. పిడత అంటే చిన్న కుండ. కుండ, చెంబు, బిందె, మూకుడు, రోలు, రోకలి, తిరగలి, పొయ్యి, గరిటె... ఒక వంటింట్లో ఉండేవన్నీ అరచేతిలో పట్టేంత సైజులో ఉంటాయి. తమిళనాడు, కర్ణాటకల్లో ఉన్న మన ఇళ్లలో ఇవి దసరా కొలువులో మెట్లెక్కుతాయి. కోస్తా జిల్లాల అలవాటు నిలుపుకున్న ఇళ్లలో సంక్రాంతికి బయటికి వస్తాయి.

రెండు మూడు తరాల నాటి పిడతలు ఇప్పటికీ మనలో చాలామంది అటకల మీద ఉన్నాయి. వాటిని సబ్బు నీళ్లలో కడగడం, వెలిసిపోయాయని ఎనామిల్ రంగు వేయించడం వల్ల పాడైపోతున్నాయి. మరోవైపు బ్రష్‌తో రంగు వేసిన చెక్క సామాను కూడా లక్క పేరుతోనే బజారులో దొరుకుతోంది. అందుకే ఈ పని ఎలా జరుగుతుందో, అసలైనదాన్ని ఎలా గుర్తించాలో, ఉన్నవాటిని ఎలా కాపాడుకోవాలో, ఇంట్లోనే చేయాలనుకునేవారు ఎలా మొదలుపెట్టాలో ఇక్కడ ఇస్తున్నాం.

ఎక్కడెక్కడ చేస్తారు

ఆంధ్రప్రదేశ్‌లో ఈ పనికి పేరు పడ్డ ఊరు ఏటికొప్పాక. అనకాపల్లి జిల్లాలో యలమంచిలికి దగ్గరగా, వరాహ నది ఒడ్డున ఉంది. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రసాయన రంగులు రాజ్యమేలుతున్న రోజుల్లో ఇక్కడ ప్రకృతి రంగులను మళ్లీ వాడుకలోకి తేవడానికి కృషి చేసిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ ఇచ్చారు. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ బొమ్మలదే.

కర్ణాటకలో చన్నపట్టణం ఉంది. బెంగళూరు, మైసూరు దారిలో వెళ్లేవారికి రోడ్డు పక్క బొమ్మల దుకాణాలు కనిపించేది అక్కడే. టిప్పు సుల్తాన్ కాలంలో పర్షియా పనివాళ్ల ద్వారా ఈ విద్య తమ ఊరికి వచ్చిందని అక్కడివారు చెప్పుకుంటారు. దీనికీ భౌగోళిక గుర్తింపు ఉంది. తమిళనాడులో తిరునెల్వేలి జిల్లా అంబాసముద్రం చెక్క 'చొప్పు సామాన్'కు ప్రసిద్ధి. మనం లక్కపిడతలు అనేదాన్నే అక్కడ చొప్పు అంటారు.

ఒడిశాలో బాలేశ్వర్ 'జౌ కణ్ఢేయి' బొమ్మల్లోనూ లక్కే ఉంటుంది. కానీ అక్కడ లోపల ఉండేది చెక్క కాదు, కాల్చిన మట్టి. నిప్పుల మీద వేడి చేసిన బొమ్మకు లక్క పట్టిస్తారు. కొండపల్లి, నిర్మల్ బొమ్మలు మాత్రం పూర్తిగా వేరు. తేలికైన పొణికి చెక్కను చేత్తో చెక్కి, బ్రష్‌తో రంగులు వేస్తారు. వాటికి లేత్ పని లేదు.

చెక్క: అంకుడు

ఏటికొప్పాకలోనూ చన్నపట్టణంలోనూ ప్రధానంగా వాడేది ఒకే చెట్టు. మనం అంకుడు అంటాం. కన్నడంలో ఆలె మర, తమిళంలో వెప్పాలై. కొమ్మ విరిస్తే పాలు కారుతుంది. చెక్క తెల్లగా, మెత్తగా, రేఖలు సన్నగా ఉంటుంది. ఉలి తగిలితే పెచ్చులు లేవకుండా నున్నగా తెగుతుంది. తెల్లటి చెక్క కాబట్టి పలచటి లక్క కింద కూడా రంగు నిండుగా కనిపిస్తుంది.

ఈ చెట్టును నరికితే మొద్దు నుంచి మళ్లీ చిగురిస్తుంది. పిడతలకు పెద్ద మాను అక్కరలేదు, చేతి మణికట్టంత కొమ్మ చాలు. అయినా కర్ర కొరత ఈ పనివారికి పెద్ద బెంగ. కొండల్లో, అడవుల్లో పెరిగే చెట్టు కావడంతో అటవీ నిబంధనలకు లోబడే తెచ్చుకోవాలి. ఒకసారి కొట్టిన చోట పనికొచ్చే కొమ్మ మళ్లీ రావడానికి ఏళ్లు పడుతుంది. పొలం గట్టు మీదో పెరట్లోనో చోటు ఉన్నవారు నాటుకోదగ్గ చెట్టు ఇది.

లక్క అంటే ఏమిటి

మోదుగ, రేగు, కుసుమ వంటి చెట్ల కొమ్మల మీద బతికే ఒక చిన్న పురుగు తన చుట్టూ స్రవించే జిగురే లక్క. మన దేశంలో ఎక్కువగా వచ్చేది జార్ఖండ్ నుంచి. కొమ్మల నుంచి గీరి, దంచి, కడిగి, కరిగించి శుభ్రం చేస్తారు. కడిగినప్పుడు దిగే ఎర్ర రంగే పాత రోజుల్లో పాదాలకు పెట్టిన లత్తుక. కొనడానికి వెళ్లినప్పుడు కన్నడంలో అరగు, తమిళంలో అరక్కు, మరాఠీలో లాఖ, ఒడియాలో జౌ అని అడగాలి.

లక్క గుణాలు మూడు గుర్తుంచుకుంటే ఈ పనంతా అర్థమవుతుంది. సుమారు 70 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడి, చల్లారగానే గట్టిపడుతుంది. చన్నీళ్లలో కరగదు కానీ స్పిరిట్‌లోనూ, సోడా, సబ్బు వంటి క్షారాల్లోనూ కరుగుతుంది. నిప్పు తగిలితే భగ్గున మండుతుంది. పాండవులకు కట్టిన లక్క ఇల్లు ఊరికే పుట్టిన కథ కాదు.

పని జరిగే తీరు

లేత్‌ను పూర్వం తెలుగులో తరిమెన అనేవారు. తరిమెన కోళ్ల మంచం అన్న మాట పెద్దవాళ్లు వినే ఉంటారు. ఆ పాత పరికరంలో తాడు చుట్టి ముందుకీ వెనక్కీ లాగితే కర్ర రెండు వైపులా తిరిగేది. ఒక వైపు తిరిగేటప్పుడే ఉలి తెగేది. ఇప్పుడు ఎక్కువ చోట్ల కరెంటు మోటారు వచ్చింది, పని మాత్రం అదే వరసలో సాగుతుంది.

1. ఆరబెట్టడం. కొమ్మ బెరడు తీసి, చివర్లకు మైనం పూసి, గాలి ఆడే నీడలో పెడతారు. ఎండలో పెడితే పగుళ్లు వస్తాయి. ఆరిందో లేదో తెలుసుకోవడానికి వారానికోసారి తూకం వేయడం మంచి పద్ధతి. బరువు తగ్గడం ఆగిందంటే కర్ర సిద్ధమైనట్టే.

2. తీర్చడం. ముక్కను లేత్‌కు బిగించి ముందు గుండ్రటి కడ్డీలా చేస్తారు. తర్వాత బయటి ఆకారం, ఆ తర్వాత లోపలి గుల్ల. పిడత గోడ మరీ పలచనైతే లక్క పట్టించే వేడికి, ఒత్తిడికి చిట్లుతుంది.

3. నున్న చేయడం. ముందు గరుకు, తర్వాత మెత్తటి సాండ్ పేపరుతో రుద్ది, దుమ్మంతా తుడుస్తారు. దుమ్ము మిగిలితే లక్కలో గింజలుగా తేలుతుంది.

4. లక్క పట్టించడం. రంగు కలిపిన లక్క కడ్డీని తిరుగుతున్న చెక్కకు గట్టిగా ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క మెత్తబడి చెక్కకు అంటుకుంటుంది. బ్రష్ లేదు, ఆరడానికి వేచి చూడడం లేదు. పైన కనిపించే గీతలు, పట్టీలు కూడా రంగు రంగు కడ్డీలు ఆనించి వేసినవే.

5. మెరుగు పెట్టడం. ఎండిన మొగలి ఆకును మడిచి తిరుగుతున్న బొమ్మకు అదుముతారు. లక్క మళ్లీ కొంచెం మెత్తబడి అంతటా సమంగా పరుచుకుని అద్దంలా మెరుస్తుంది. ఒడిశాలో గంజాం జిల్లా తీరంలో మొగలి పొదలు విస్తారం. బరంపురం వైపు ఉన్న మనవారికి ఈ ఆకు కొత్త కాదు.

లక్క కడ్డీలను పనివారే తయారుచేసుకుంటారు. సన్నటి నిప్పుల సెగ మీద లక్కను మెత్తబరచి, రంగు వేసి, సాగదీసి మడుస్తూ, మళ్లీ సాగదీస్తూ రంగు సమంగా కలిసేదాకా పిసుకుతారు. ప్రకృతి రంగుల్లో పసుపు, జాఫరా గింజల నుంచి నారింజ, నీలి నుంచి నీలం, లక్క నుంచి ఎరుపు వస్తాయి. నీలికి పసుపు కలిస్తే ఆకుపచ్చ.

అసలైనదాన్ని గుర్తించడం

పిడత అడుగున, కనిపించని చోట, స్పిరిట్‌లో ముంచిన దూదితో కాసేపు రుద్దండి. లక్కయితే జిగురుగా మారి దూదికి రంగు అంటుతుంది. ఎనామిల్ అంత తేలిగ్గా లొంగదు. అయితే లక్కను స్పిరిట్‌లో కరిగించి బ్రష్‌తో పూసిన సామాను కూడా ఈ పరీక్షలో నెగ్గుతుంది. కాబట్టి వెలుతురులో తిప్పి చూడండి. బ్రష్ చారలు, కారి గడ్డకట్టిన బొట్లు ఉంటే అది పూత. లేత్ మీద పట్టించినదానిలో రంగు పట్టీలు బొమ్మ చుట్టూ తిన్నగా తిరిగి కలుస్తాయి, అంచులు స్పష్టంగా ఉంటాయి.

లక్క అయినంత మాత్రాన అందులోని రంగు ప్రకృతి రంగు అని కాదు. దానికి కంటి పరీక్ష లేదు. నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు కొంటుంటే అమ్మేవారిని నేరుగా అడగండి. సీసం కలిసిన రంగు పిల్లల మెదడు ఎదుగుదలకు హాని చేస్తుంది. లేపాక్షి, కావేరి, పూంపుహార్, ఉత్కళిక వంటి ప్రభుత్వ చేతిపని దుకాణాల్లోనో, తయారుచేసే ఊళ్లోనే నేరుగానో కొనడం మేలు. మూడేళ్ల లోపు పిల్లలకు గొంతులో ఇరుక్కునే చిన్న ముక్కలున్న సెట్లు ఇవ్వకండి.

పాతవాటిని కాపాడుకోవడం

పొడి నూలు గుడ్డతో తుడిస్తే చాలు. సబ్బు, సోడా, వేడి నీళ్లు, శానిటైజర్ తగలనివ్వకండి. శానిటైజర్‌లో స్పిరిట్ ఉంటుంది. దీపాలకు దూరంగా ఉంచండి. రేకుల కప్పు కింద అటక వేసవిలో బాగా కాగుతుంది. అక్కడ పిడతలను ఒకదాంట్లో ఒకటి బిగించి పెడితే లక్క మెత్తబడి అతుక్కుంటాయి. ఒక్కోదాన్ని విడిగా నూలు గుడ్డలో చుట్టి చల్లటి బీరువాలో పెట్టండి. చిన్న రంధ్రాలు, వాటి కింద సన్నటి పొడి కనిపిస్తే పురుగు పట్టినట్టు. ఆ ముక్కను వెంటనే మిగతావాటి నుంచి వేరు చేయండి.

వెలిసినవాటికి ఎనామిల్ వేయించకండి. రంగు వెలిసిన లక్క ఇంకా లక్కే. దాని మీద పెయింట్ పడిందంటే కింది పనిని పాడుచేయకుండా మళ్లీ బయటికి తీయడం దాదాపు కుదరదు. మరీ అవసరమైతే లక్క పని తెలిసినవారికే ఇవ్వండి.

ఇంట్లో చేయాలనుకుంటే

బల్ల మీద పెట్టుకునే చిన్న లేత్, మూడు నాలుగు ఉలులు ఉంటే మొదలుపెట్టవచ్చు. మొదట గుల్ల లేని రోకలి, బొంగరం వంటివి చేయండి. పిడత తర్వాత. అంకుడు దొరక్కపోతే చేతి అలవాటు కోసం బాగా ఆరిన ఏ మెత్తటి చెక్కైనా సరే. ఉలి ఆనించే పట్టీని చెక్కకు మూడు నాలుగు మిల్లీమీటర్ల దూరంలో బిగించి, స్విచ్ వేసే ముందు చెక్కను చేత్తో ఒకసారి తిప్పి ఎక్కడా తగలడం లేదని చూసుకోండి. చీర కొంగు, చున్నీ, వదులు చేతులు, గాజులు, విప్పిన జుట్టు లేత్ దగ్గర ప్రాణం మీదికి తెస్తాయి. కళ్లద్దాలు, ముక్కుకు మాస్కు తప్పనిసరి. లక్కను వంటగ్యాస్ మంట మీద నేరుగా కరిగించకండి.

అమ్మాలనుకునేవారికి ఒక నిబంధన ఉంది. 2021 జనవరి 1 నుంచి దేశంలో అమ్మే పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. కేంద్ర చేతివృత్తుల అభివృద్ధి కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులు తయారుచేసి అమ్మే బొమ్మలకు మినహాయింపు ఇచ్చారు. కాబట్టి దుకాణానికి వేసే ముందు కళాకారుల గుర్తింపు కార్డుకు దరఖాస్తు చేసుకోండి.

మన పిల్లలు బడిలో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీయో చదువుకుంటారు. పిడత, మూకుడు, తిరగలి, రోకలి అన్న మాటలు వాళ్లకు పుస్తకంలో దొరకవు. చేతికి సామాను ఇచ్చి ఆడుకోనిస్తే మాట దానంతటదే వస్తుంది. ఈసారి కొలువు సర్దేటప్పుడు ఒక్కో పిడతనూ పిల్లల చేత పేరు చెప్పించి మెట్టు మీద పెట్టించండి.