ఆ అంకె కథ



ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ వైద్యం జరుగుతుంటే పెట్ స్కాన్ రిపోర్టు మన చేతుల్లోకీ వస్తుంది. మిగతా ఇంగ్లీషంతా ఎలా వున్నా, ఎస్.యు.వి. అన్న అంకె దగ్గర చూపు ఆగిపోతుంది. మా వదినగారికి మొదట 6 అని వచ్చింది. మూడు నెలల వైద్యం తర్వాత మరోచోట తీయిస్తే 7 అని వుంది. ఆ రాత్రి ఇంట్లో ఎవరం అన్నం ముట్టలేదు. "ఇంక ఈ మందులు నాకొద్దు" అని వదినగారు మొండికేశారు. ఇంత భయపెట్టిన ఆ అంకె ఎక్కడ పుట్టిందో చెప్పుకుందాం.

1920లలో జర్మనీలో ఓటో వార్‌బుర్గ్ అనే శాస్త్రజ్ఞుడు, క్యాన్సర్ కణాలు మామూలు కణాలకన్నా ఎంతో ఎక్కువగా చక్కెరను వాడుకుంటాయని గమనించాడు. ఆ ఆకలినే ఆనవాలుగా పట్టుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది. 1976లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలవారు చక్కెరలాంటి పదార్థానికి రేడియోధార్మిక ఫ్లోరిన్ తగిలించి ఎఫ్.డి.జి. తయారుచేశారు. ఆ బృందంలో జోఆన్నా ఫౌలర్ అనే మహిళ కూడా వున్నారు. దాని శక్తి 110 నిమిషాలకల్లా సగమైపోతుంది. అందుకని హుటాహుటిన విమానంలో ఫిలడెల్ఫియాకు పంపి, ఆ ఆగస్టులో మొదటిసారి మనిషికి ఎక్కించారు. అప్పుడు ముఖ్యంగా చూసింది మెదడును. క్యాన్సర్‌కు విరివిగా వాడడం తర్వాతి మాట.

మరి లెక్క ఏమిటంటారా? పులిహోరలో పులుసు అంతటా సమంగా కలిస్తే ప్రతి ముద్దా ఒకే రుచి. అలాగే ఎక్కించిన మందు ఒళ్లంతా సమంగా పరుచుకుంటే అంకె 1. 6 అంటే అక్కడ ఆరు రెట్లు చేరిందన్నమాట.

ఊపిరితిత్తుల్లో గడ్డకు 2.5 దాటితే క్యాన్సరేనేమో అని ఒకప్పుడు గీత గీశారు. ఆ గీత నిలవలేదు. క్షయ, చీముగడ్డ కూడా చక్కెరను లాగుతాయి. ఆ గీతకు లోపలే దాగే క్యాన్సర్లూ వున్నాయి. 2009లో ఫ్రాన్సులోని డోవిల్‌లో కూడిన లింఫోమా వైద్యులు, మచ్చను ఆ రోగి కాలేయంతోనే పోల్చి 1 నుంచి 5 వరకు గుర్తులు వేయడం మేలన్నారు. అదే ఏడు వచ్చిన మరో పద్ధతిలో, గడ్డల విషయంలో 30 శాతమైనా తేడా వుంటేనే నిజమైన మార్పుగా లెక్కించాలన్నారు. అదీ రెండు స్కాన్లూ ఒకే తీరున తీసినప్పుడే.

మర్నాడు డాక్టరుగారు చెప్పిందీ ఇదే. యంత్రం వేరు. మొదటిసారి ఇంజెక్షనయ్యాక గంటకు తీశారు, రెండోసారి గంటన్నరకు. ఆలస్యమైనకొద్దీ గడ్డలో మందు ఇంకా చేరుతూంటుంది. 6కీ 7కీ తేడా 30 శాతం లేనేలేదు. వదినగారు మందులు మానలేదు.

కనుక అమ్మలారా, వీలైనంతవరకు స్కాన్ ఒకేచోట తీయించండి. పాత రిపోర్టు వెంట తీసుకెళ్లండి. చెప్పినన్ని గంటలు ఏమీ తినకుండా వుండాలి. చక్కెర వ్యాధి వుంటే, ఈ మధ్య జ్వరం వచ్చినా, ముందే చెప్పాలి. ఆ అంకె చూసి డాక్టరుగారిని ప్రశ్నలడగండి. తీర్పు మాత్రం మనం చెప్పేసుకోవద్దు.