హిల్స్‌బరో అనంతరం లివర్‌పూల్ అభిమానుల పత్రికా బహిష్కరణ: ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
క్రీడాభిమానులకు, వారి జట్టు గురించి రాసే పత్రికలకు మధ్య విభేదాలు కొత్తవి కావు. అయితే 1989 నాటి హిల్స్‌బరో దుర్ఘటన తరువాత ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరంలో ‘ద సన్’ దినపత్రికపై మొదలైన బహిష్కరణ ఆ విభేదాల చరిత్రలో ప్రత్యేకమైనది. దాని మూలం జట్టు పట్ల పక్షపాతంలో లేదని, ఒక సంఘటనకు సాక్షులుగా ఎవరిని గుర్తించాలన్న వివాదంలో ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: హిల్స్‌బరో, లివర్‌పూల్, ద సన్, క్రీడాపత్రికారచన, అభిమానులు, బహిష్కరణ, సాక్ష్యం.

1. ఉపోద్ఘాతం

తమ జట్టు ఓడినప్పుడు ఒకలా, గెలిచినప్పుడు మరొకలా రాస్తారని, మైదానంలో జరిగినదానికన్నా ఆటగాళ్ల బదిలీల పుకార్లకే పెద్దపీట వేస్తారని విలేకరులపై ఫుట్‌బాల్ అభిమానులు ఫిర్యాదు చేయడం సర్వసాధారణం. వీటిలో చాలా కోపాలు సీజనుతో పాటే చల్లారిపోతాయి. ఒక నగరం ఒక పత్రికను మూడు దశాబ్దాలకు పైగా కొనకపోవడం, దుకాణదారులు దాన్ని అమ్మకపోవడం, తండ్రి నుంచి కొడుక్కి ఆ నిరాకరణ ఇంటి ఆచారంలా సంక్రమించడం మాత్రం అరుదు. బహిష్కరణ మొదలైననాటికి పుట్టని వారు కూడా లివర్‌పూల్‌లో నేడు దాన్ని పాటిస్తున్నారు. దీన్ని కేవలం అభిమానుల ఆవేశంగా వివరించడం చాలదు.

2. 1989కి పూర్వం అభిమాని చిత్రణ

1970ల నాటి బ్రిటిష్ పత్రికల్లో ఫుట్‌బాల్ అభిమాని రెండు రూపాల్లో కనిపిస్తాడు. క్రీడాపుటల్లో గోల్ పడినప్పుడు కేరింతలు కొట్టే జనసమూహంగానూ, మొదటి పుటలో రౌడీమూకగానూ. ఈ రెండో చిత్రణను స్టువర్ట్ హాల్ 1978లో ప్రత్యేకంగా విశ్లేషించాడు. హింస నిజంగానే ఉన్నదని అంగీకరిస్తూనే, దాన్ని పత్రికలు వర్ణించే పరిభాష కఠిన చర్యల కోసం ఒత్తిడిని ఎలా పెంచుతుందో ఆయన చూపాడు.

1985 మే నెల ఈ చిత్రణను మరింత స్థిరపరచింది. మే 11న బ్రాడ్‌ఫర్డ్ మైదానంలో మంటలు చెలరేగి 56 మంది మరణించారు. తరువాత ‘సండే టైమ్స్’ సంపాదకీయం ఆటను, మైదానాలను, ప్రేక్షకులను ఒకే గాటన కట్టి మురికివాడ సంస్కృతిగా తీసిపారేసింది. మే 29న బ్రసెల్స్‌లోని హేసెల్ మైదానంలో లివర్‌పూల్ అభిమానులు ఎదుటి జట్టు అభిమానులపైకి దూసుకువెళ్లగా గోడ కూలి 39 మంది చనిపోయారు. వారిలో అత్యధికులు ఇటలీవారు. బెల్జియం న్యాయస్థానం 14 మంది లివర్‌పూల్ అభిమానులను దోషులుగా తేల్చింది. ఈ వాస్తవాన్ని దాటవేసి హిల్స్‌బరోను చర్చించడం నిజాయితీ అనిపించుకోదు. నాలుగేళ్ల తరువాత చెప్పిన అబద్ధం అంత సులభంగా నమ్మదగినదిగా కనిపించడానికి హేసెల్ ఒక ముఖ్యకారణం.

ఇదే కాలంలో అభిమానులు తమ గొంతు తామే వినిపించే ప్రయత్నాలు ప్రారంభించారు. 1972లో ‘ఫౌల్’ పత్రిక వచ్చింది. 1981లో లివర్‌పూల్ నుంచి ‘ది ఎండ్’, 1986లో ‘వెన్ సాటర్‌డే కమ్స్’ వెలువడ్డాయి. వీటిని ఫ్యాన్‌జీన్లు అన్నారు. క్రీడావిలేకరుల అరిగిపోయిన పదబంధాలను ఎగతాళి చేయడం వీటిలో చాలావాటికి నిత్యకృత్యం. హేసెల్ తరువాత 1985లోనే లివర్‌పూల్‌లో ఫుట్‌బాల్ సపోర్టర్స్ అసోసియేషన్ ఏర్పడింది. అంటే 1989 నాటికి ఆ నగరంలో పత్రికలను విమర్శనాత్మకంగా చదివే, సంఘటితమైన పాఠకవర్గం ఉన్నది.

3. అబద్ధం అచ్చుకెక్కిన క్రమం

1989 ఏప్రిల్ 15, శనివారం. షెఫీల్డ్ నగరంలోని హిల్స్‌బరో మైదానంలో లివర్‌పూల్, నాటింగ్‌హామ్ ఫారెస్ట్ జట్ల మధ్య ఎఫ్.ఎ. కప్ సెమీఫైనల్. లివర్‌పూల్ వారికి కేటాయించిన లెపింగ్స్ లేన్ వైపు ప్రవేశద్వారాలు చాలక బయట తొక్కిసలాట పెరిగింది. మధ్యాహ్నం 2:52కు బందోబస్తు బాధ్యుడైన పోలీసు అధికారి డేవిడ్ డకెన్‌ఫీల్డ్ ఆదేశంతో ‘సి’ గేటు తెరిచారు. లోపలికి వచ్చినవారిని పక్క ఆవరణలవైపు మళ్లించేవారు లేరు. ఎదురుగా కనిపించిన సొరంగమార్గం గుండా వారు అప్పటికే కిక్కిరిసిన నడిమి ఆవరణల్లోకి వెళ్లారు. ముందు ఇనుప కంచె, వెనుక జనం. 3:06కు ఆట ఆపేశారు. ఆ ఒరిపిడిలో కలిగిన గాయాల వల్ల కాలక్రమంలో మరణించిన వారితో కలిపి మృతుల సంఖ్య 97. వారిలో ఎక్కువమంది 30 ఏళ్లలోపువారే.

గేటును అభిమానులే బలవంతంగా తెరిచారని డకెన్‌ఫీల్డ్ అక్కడే ఉన్న ఫుట్‌బాల్ అసోసియేషన్ అధికారులతో చెప్పాడు. మృతుల లెక్క తేలకముందే ఆ మాట ప్రసారమాధ్యమాల్లోకి వెళ్లిపోయింది. అది అబద్ధమని ఆయన స్వయంగా సాక్షిపీఠంపై నుంచి ఒప్పుకున్నది 2015లో. నడుమ గడచినవి 26 ఏళ్లు.

ఆనాడు మైదానంలో ఫుట్‌బాల్ విలేకరులు ఉన్నారు. బి.బి.సి. కెమెరాలు ఉన్నాయి. కంచె ఎక్కి బయటపడినవారిని, ప్రకటన బోర్డులను స్ట్రెచర్లుగా చేసి క్షతగాత్రులను మోసుకుపోయిన అభిమానులను వారందరూ చూశారు. కానీ నాలుగు రోజుల తరువాత సంచలనం సృష్టించిన కథనం ఆ ప్రత్యక్షసాక్షుల నుంచి వచ్చింది కాదు. షెఫీల్డ్‌కు చెందిన వైట్స్ అనే వార్తాసంస్థ దానికి మూలం. ఆ సంస్థకు సమాచారమిచ్చినవారు కొందరు పోలీసు అధికారులు, స్థానిక పోలీసు సమాఖ్య కార్యదర్శి, షెఫీల్డ్ హాలమ్ పార్లమెంటు సభ్యుడు ఇర్విన్ పాట్నిక్. చనిపోతున్నవారి జేబులు కొట్టారని, సహాయం చేస్తున్న పోలీసులపై మూత్రం పోశారని, ఊపిరి పోస్తున్న కానిస్టేబుల్‌ను కొట్టారని ఆ కథనం సారాంశం.

ఈ ఆరోపణలను అనేక పత్రికలు ప్రచురించాయి. వాటిలో కొన్ని నేటికీ లివర్‌పూల్‌లో అమ్ముడవుతూనే ఉన్నాయి. మరి ఒక్క ‘ద సన్’ మీదనే ఇంత ఆగ్రహం ఎందుకన్నది పరిశోధకులు తప్పక వేసుకోవలసిన ప్రశ్న. సమాధానం శీర్షికలో ఉన్నది. మిగిలిన పత్రికలు ఎక్కువగా ‘పోలీసుల ఆరోపణ’ అన్న ముసుగు ఉంచుకున్నాయి. ఏప్రిల్ 19న ‘ద సన్’ సంపాదకుడు కెల్విన్ మెకెంజీ మాత్రం ఆ ముసుగు తీసివేసి, ‘నిజం’ అన్న అర్థమిచ్చే ‘ద ట్రూత్’ అనే రెండే మాటలను మొదటి పుటకెక్కించాడు. అంతకన్నా తీవ్రమైన మరో శీర్షికను ఆయన మొదట ఆలోచించాడని ఆ పత్రిక చరిత్ర రాసిన చిపిండేల్, హారీ నమోదు చేశారు. కథనం రాసిన హ్యారీ ఆర్నాల్డ్ సైతం ఆ శీర్షిక చూసి దిగ్భ్రాంతి చెందానని అనంతరకాలంలో చెప్పాడు. ఆరోపణ నిజంగా మారడానికి కావలసింది కొత్త ఆధారం కాదు, ఒక విశేషణాన్ని తొలగించడమే అన్నది ఇక్కడ తేటతెల్లమవుతుంది.

హాల్, ఆయన సహరచయితలు 1978లో వెలువరించిన ‘పోలీసింగ్ ద క్రైసిస్’లో ‘ప్రాథమిక నిర్వచనకర్తలు’ అనే భావనను ప్రవేశపెట్టారు. పోలీసులు, రాజకీయ నాయకులు వంటి అధికారిక వర్గాల మాట ముందుగా విలేకరికి చేరి, తరువాతి చర్చకంతటికీ అదే చట్రమవుతుందని దీని తాత్పర్యం. హిల్స్‌బరో ఈ భావనకు పాఠ్యపుస్తకం వంటి ఉదాహరణ. ఒక తేడా మాత్రం ఉన్నది. సాధారణంగా నిర్వచనకర్తకు ఎదురుమాట చెప్పగల సాక్షులు కొద్దిమందే ఉంటారు. ఇక్కడ వేలమంది ఉన్నారు. వారు ఇళ్లకు తిరిగివచ్చి, తాము చూసినది చెప్పి, నాలుగో రోజు ఉదయం ఆ పత్రిక చూశారు.

4. బహిష్కరణ స్వరూపం

కిర్క్‌బీలో పత్రిక ప్రతులను తగలబెట్టారు. మెర్సీసైడ్ ప్రాంతంలో అమ్మకాలు ఒక్కసారిగా పడిపోయి మళ్లీ కోలుకోలేదు. ఈ ఉద్యమానికి ఒకే నాయకుడు లేడు, ప్రారంభ ప్రకటన లేదు. దుకాణదారు దాన్ని అరలో పెట్టడు, టాక్సీ నడిపేవాడు అద్దంపై అట్ట అంటిస్తాడు, కార్మికుల విశ్రాంతి గదిలో ఎవరైనా ఆ పత్రిక తెస్తే తోటివారే వారిస్తారు. రాతలో పత్రిక పేరు వచ్చినప్పుడు నడిమి అక్షరం తీసి చుక్కగుర్తు పెట్టడం అలవాటైంది. అశుభాన్ని పేరు పెట్టి పలకకూడదన్న లోకరీతిని తలపించే ఈ ఆచారాన్ని భాషాశాస్త్ర విద్యార్థులు గమనించవచ్చు.

నగరంలోని ప్రత్యర్థి జట్టు ఎవర్టన్ అభిమానులు కూడా ఇందులో చేరడం విశేషం. దుర్ఘటన జరిగిన వారానికి రెండు మైదానాలను కలుపుతూ స్టాన్లీ పార్కు మీదుగా ఇరుజట్ల కండువాలను ముడివేసి కట్టారు. తమ జట్టు గురించి బాగా రాయలేదన్న కోపమే అయితే ఎవర్టన్ వారికి ఇందులో పని లేదు. నగరాన్ని సాక్షిగా అంగీకరించలేదన్న అవమానం కాబట్టే అది ఉమ్మడిదయింది.

దీని పర్యవసానాలు ఆటను దాటిపోయాయి. ఫ్లోరియన్ ఫూస్, డానియల్ బిషోఫ్ 2022లో అమెరికన్ పొలిటికల్ సైన్స్ రివ్యూలో ప్రచురించిన అధ్యయనం ఈ బహిష్కరణనే సహజప్రయోగంగా తీసుకున్నది. ఐరోపా సమాఖ్యను వ్యతిరేకిస్తూ వచ్చిన ఆ పత్రికకు దూరమైన మెర్సీసైడ్‌లో ఆ వ్యతిరేకత ఇతర ప్రాంతాలతో పోలిస్తే తగ్గిందని వారి నిర్ధారణ. తాము ఏమి చదవకూడదో నిర్ణయించుకున్న అభిమానులు తెలియకుండానే తమ రాజకీయ అభిప్రాయాలను కూడా మార్చుకున్నారన్నమాట.

5. క్షమాపణలు, వాటి వైఫల్యం

దుర్ఘటనకు ప్రధానకారణం పోలీసుల నియంత్రణ వైఫల్యమని 1989 ఆగస్టులోనే లార్డ్ జస్టిస్ టేలర్ మధ్యంతర నివేదిక తేల్చి, అభిమానులపై ఆరోపణలను తోసిపుచ్చింది. నిజం తెలియడానికి కావలసింది నాలుగు నెలలే. అది అంగీకారం పొందడానికే దశాబ్దాలు పట్టింది.

1993లో పార్లమెంటరీ కమిటీ ముందు మెకెంజీ విచారం వ్యక్తం చేస్తూ, తన తప్పల్లా ఒక పార్లమెంటు సభ్యుడి మాట నమ్మడమేనన్నాడు. 2006లో ఒక విందుసభలో, తాను యజమాని చెప్పినందునే క్షమాపణ చెప్పానని అన్నట్లు వార్తలు వచ్చాయి. 2004 జులైలో పత్రికే నిండుపుట క్షమాపణ ప్రచురించింది. ఎవర్టన్ ఆటగాడు వేన్ రూనీ తన కథను ఆ పత్రికకు అమ్ముకున్నాడని నగరం మండిపడిన సందర్భమది. ఆ క్షమాపణలోనే పోటీసంస్థకు చెందిన స్థానిక పత్రికలు కావాలని ఆజ్యం పోస్తున్నాయని నిందించడంతో, పశ్చాత్తాపం కాస్తా వ్యాపార వివాదంగా తేలిపోయింది. అంతకుముందు 1992లో లివర్‌పూల్ మేనేజర్ గ్రేమ్ సూనెస్ తన గుండె శస్త్రచికిత్స కథనాన్ని ‘ద సన్’కు ఇవ్వగా, అది దుర్ఘటన మూడో వార్షికదినాన అచ్చయింది. ఆటగాడిగా ఎన్నో విజయాలు తెచ్చిన ఆ మనిషికి అభిమానుల మనసులో పాత స్థానం మళ్లీ దక్కలేదు.

2012 సెప్టెంబర్ 12న బిషప్ జేమ్స్ జోన్స్ అధ్యక్షతన స్వతంత్ర సంఘం సుమారు 4,50,000 పుటల పత్రాలను పరిశీలించి నివేదిక ఇచ్చింది. 164 పోలీసు వాంగ్మూలాలను సవరించారని, వాటిలో 116 నుంచి పోలీసులకు ప్రతికూలమైన వ్యాఖ్యలను తొలగించారని అది వెల్లడించింది. పిల్లలతో సహా మృతులందరి రక్తంలో మద్యం పరిమాణాన్ని పరీక్షించిన సంగతీ అందులో ఉన్నది. ‘తాగిన మూక’ అన్న ముందే సిద్ధమైన కథకు ఆధారాలు వెతికిన పద్ధతి ఇది. మరునాడు ‘ద సన్’ ‘అసలు నిజం’ అన్న అర్థమిచ్చే శీర్షికతో క్షమాపణ ముద్రించింది. 2016 ఏప్రిల్ 26న జ్యూరీ ఇవి చట్టవిరుద్ధ మరణాలని, అభిమానుల ప్రవర్తన కారణం కాదని తీర్పు చెప్పింది. ఆ మరునాటి ‘ద సన్’ మొదటి పుటలో ఆ వార్త లేదు.

డకెన్‌ఫీల్డ్ 2019లో నిర్దోషిగా విడుదలయ్యాడు. వాంగ్మూలాల సవరణకు సంబంధించిన అభియోగాలు 2021లో వీగిపోయాయి. అసత్యప్రచారానికి న్యాయస్థానంలో ఎవరికీ శిక్ష పడలేదు. పత్రికను కొనకపోవడమొక్కటే ఆ నగరం చేతిలో మిగిలిన దండన.

6. క్రీడావిలేకరి స్థానం

2017 ఫిబ్రవరిలో, అభిమానుల ఉద్యమం కోరిక మేరకు లివర్‌పూల్ క్లబ్బు ‘ద సన్’ విలేకరులకు తన మైదానం ఆన్‌ఫీల్డ్‌లోనూ, శిక్షణాకేంద్రంలోనూ ప్రవేశం నిరాకరించింది. ఇది జటిలమైన ప్రశ్న. 1989 కథనం క్రీడావిభాగం రాసింది కాదు. 2017లో ప్రవేశం కోల్పోయిన విలేకరుల్లో కొందరు అప్పటికి బడిపిల్లలు. సంపాదకుడి తప్పుకు ఆట గురించి రాసేవారు మూల్యం చెల్లించడం న్యాయమా అన్న అభ్యంతరం కొట్టివేయదగినది కాదు.

పోలిక కోసం మరో ఉదంతం చూడవచ్చు. 2013లో న్యూకాజిల్ యునైటెడ్ క్లబ్బు తన యజమానికి వ్యతిరేకంగా అభిమానులు చేసిన ఊరేగింపు గురించి రాసినందుకు మూడు స్థానిక పత్రికలను నిషేధించింది. బయటి రూపంలో రెండు నిషేధాలూ ఒకటే. న్యూకాజిల్‌లో మాత్రం అధికారం ఉన్నవాడు తనపై విమర్శను అడ్డుకున్నాడు, అభిమానులూ విలేకరులూ ఒకవైపు నిలిచారు. లివర్‌పూల్‌లో క్లబ్బు ఆ నిర్ణయం తీసుకోవడానికి 28 ఏళ్లు పట్టింది. అన్నాళ్లూ అభిమానులు క్లబ్బు సాయం లేకుండానే బహిష్కరణను నడిపారు. క్రీడాపుటలే టాబ్లాయిడ్ అమ్మకాలకు ప్రధానాకర్షణ కాబట్టి, ఆ పుటలకు ముడిసరుకు అందకుండా చేయడం యాదృచ్ఛికం కాదు. వార్తావిభాగం వేరు, క్రీడావిభాగం వేరు అన్న విభజన కార్యాలయం లోపలిది. కొనేవాడికి పత్రిక ఒక్కటే.

ఆ నిషేధానికి రెండు నెలలు తిరిగేసరికి, 2017 ఏప్రిల్ 14న, అదే మెకెంజీ ‘ద సన్’ కాలమ్‌లో ఎవర్టన్ ఆటగాడు రాస్ బార్క్‌లీని గొరిల్లాతో పోల్చి, లివర్‌పూల్ నగరవాసులను కించపరిచాడు. బార్క్‌లీ తాత నైజీరియావాడు. పత్రిక మెకెంజీని సస్పెండ్ చేసింది. మరునాడు, హిల్స్‌బరో 28వ వార్షికదినాన, ఎవర్టన్ క్లబ్బు కూడా ‘ద సన్’ విలేకరులకు తన తలుపులు మూసివేసింది.