అమ్మోనైట్ గుల్లల్లో పరాన్నజీవుల జాడ

అమ్మోనైట్లు చుట్ట తిరిగిన గుల్లలో బతికిన సముద్రజీవులు. ఆక్టోపస్‌కు, నాటిలస్‌కు దూరపు చుట్టాలు. సుమారు 41 కోట్ల ఏళ్ల కిందట డెవోనియన్ యుగంలో పుట్టి, 6.6 కోట్ల ఏళ్ల కిందట డైనోసార్లతోపాటే అంతరించాయి. గండకీ నదిలో దొరికే సాలగ్రామాల్లో చాలావాటిలో కనిపించే చక్రాలు వీటి చుట్టలే.

ఈ గుల్ల పెరిగేదంతా మూతి దగ్గరే. అక్కడ ప్రావారం అనే పలుచని కండపొర సున్నపు పదార్థాన్ని స్రవిస్తూ వరస మీద వరస వేస్తుంది. వేసిన వరస చెరగదు కాబట్టి ప్రావారానికి ఏ జబ్బు చేసినా గుర్తు మిగిలిపోతుంది. ఎండ్రకాయో చేపో కొరికితే విరిగిన గీత, దాని మీద అతుకు కనిపిస్తాయి. విరుపేమీ లేకుండానే గుల్ల వికారంగా పెరిగితే అనుమానం పరాన్నజీవి మీదికి పోతుంది. పరాన్నజీవుల ఒళ్లు మెత్తనివి కావడంతో అవి శిలాజాలుగా మిగలడం బహు అరుదు.

ఇలాంటి వికార గుల్లలకు పూర్వపు సేకర్తలు ఒక్కోసారి కొత్త జాతులని పేర్లు పెట్టేశారు. 1956లో జర్మన్ శాస్త్రవేత్త హెల్ముట్ హోల్డర్ వాటిని ‘ఫోర్మా ఈగ్రా’, అంటే జబ్బు రూపాలు, అనే లాటిన్ పేరుతో లక్షణాలవారీగా విడదీశాడు.

1960లో శాస్త్రవేత్త మైకేల్ హౌస్ తొలినాటి అమ్మోనైట్లైన డెవోనియన్ గోనియటైట్ల మీద చిన్న చిన్న గుంటలను వర్ణించాడు. నిజానికి అవి గుల్ల మీద పడ్డ గుంటలు కావు. గుల్ల కరిగిపోయాక, లోపల నిండి గట్టిపడిన బురద అచ్చు మీద మిగిలినవి. అంటే గుల్ల లోపలి గోడకు అక్కడ బొబ్బలుండేవి. చొరబడినదాన్ని ప్రావారం సున్నపు పొరలతో కప్పేసిందన్నమాట; ముత్యం తయారయ్యేదీ ఇలాగే. మొరాకో నమూనాలను పరిశీలించిన శాస్త్రవేత్తలు డి బేట్స్, క్లుగ్, కార్న్‌లు 2011లో ఇది ట్రెమటోడ్లనే పరాన్నజీవి పురుగుల పని కావచ్చన్నారు. గొర్రెలకు జలగ వ్యాధి తెచ్చే పురుగులు ఈ వర్గానివే. ఈనాటికీ వాటి లార్వాలు ఎక్కువగా నత్తల్లోనే పెరిగి బయటపడతాయి.

స్కాట్లండ్‌లోని స్కై దీవిలో దొరికిన గ్రాఫోసెరాస్ అనే జురాసిక్ అమ్మోనైట్లది మరో తీరు. వెలుపలి అంచు నడుమ నిలవాల్సిన గట్టు ఒక పక్కకు ఒరిగిపోయింది. 1983లో నికోల్ మోర్టన్ వర్ణించిన ఈ వైకల్యానికి మోర్టన్ సిండ్రోమ్ అనే పేరు స్థిరపడింది. దీనికీ పరాన్నజీవినే అనుమానిస్తారు.

సెర్ప్యులిడ్ పురుగుల విషయంలో మాత్రం ఊహతో పనిలేదు, వాటి సున్నపు గొట్టాలు గుల్లతోపాటే శిలాజాలయ్యాయి. ఇవి అమ్మోనైట్ ఒంటిని తినవు కాబట్టి అసలైన పరాన్నజీవులని అనలేం. గుల్ల మీద కాపురం పెడతాయి, అంతే. అయినా బరువు ఒక పక్కకు లాగడంతో చుట్ట తన తలం తప్పి వంకర తిరుగుతుంది. 1934లో శాస్త్రవేత్త షిండెవోల్ఫ్ ఇలాంటి గుల్లలను పరిశీలించాడు. తర్వాతి చుట్టు గొట్టాన్ని కప్పేస్తూ పెరిగిందంటే పురుగు ఎక్కేనాటికి అమ్మోనైట్ బతికే ఉందన్నమాట.