చేవకఱ్ఱకు చిత్రిక: ఒక పనిముట్టు పూర్వోత్తరములు

ఇందూరు సీమ వడ్రంగమును గూర్చి వ్రాయబూనినవాడు చెఱకు బండిని స్మరింపక తీఱదు. 1923లో ఆరంభమై 1931లో ముగిసిన నిజాంసాగరు నిర్మాణము మంజీరా జలములను కాలువలకు మళ్ళింపగా బోధను చుట్టుపట్ల చెఱకు తోటలు విస్తరించినవి. 1937లో స్థాపింపబడిన నిజాము చక్కెర కర్మాగారము బోధనునందలి శక్కర్‌నగరమునకు పేరు తెచ్చినది. ఆ తోటలకును ఈ కర్మాగారమునకును నడుమ తిరుగాడిన ఎడ్లబండ్ల బరువును మోసినది మాత్రము తుమ్మ, మద్ది, టేకు మొదలగు చేవగల కొయ్యయే. అట్టి కొయ్యను నఱకుట బలశాలి కెవ్వనికైనను సాధ్యము. దానిని పలుచబఱచి, నార చిట్లనీయక, ఈ కొన నుండి ఆ కొన వఱకు ఒకే మందమున నిలుపుటయే విద్య. ఆ విద్య బాడిశతో మొదలై డ్రిల్లింగు మిషనుకు తగిలించు తిరుగుడు కత్తి వఱకు నడచిన తెఱగును ఇందు పరిశీలింతును.

బాడిశ కాలమున మందమునకు కొలబద్ద వడ్రంగి కన్నే. అతడు గొంతు కూర్చుండి, కొయ్యను పాదముతో అదిమిపట్టి, మణికట్టు విసరులోనే లోతును నిర్ణయించుకొని పెచ్చు తరువాత పెచ్చు లేపును. గోదావరి కావలనున్న నిర్మలలో బొమ్మలు చెక్కువారికి పొణికి కఱ్ఱ కలదు. అది మెత్తనిది, తేలికది, ఉలి చెప్పినట్లు వినును. తుమ్మ అట్లు కాదు. ఘనపు మీటరు టేకు సుమారు 650 కిలోలు తూగగా తుమ్మ సుమారు 800 కిలోలు తూగును. టేకు తేలికయైనను దానియందు ఇసుకజాతి ఖనిజాంశ మిమిడియుండుటచే కత్తి వాదర త్వరగా మొద్దువాఱును. కావున మా సీమలో వడ్లవాని పగటిపనిలో కొంత భాగము సానకే చెల్లుచుండెను.

చిత్రిక వచ్చుటతో బుద్ధికి ఒక మెట్టు దొరికినది. దీనిని మా వైపున ఉర్దూ మాటతో రందా అందురు. కోస్తా జిల్లాలలో తోపడ అనియు వ్యవహారము కలదు. క్రీ.శ. 79లో బూడిదక్రింద పడిన పాంపేయి నగరపు త్రవ్వకములలో ఇనుప అడుగుగల చిత్రికలు బయల్పడుటను బట్టి ఈ పరికరపు ప్రాచీనత తెలియనగును. కవిత్వమునకును వచనమునకును గూడ చిత్రిక పట్టుట యను పలుకుబడిని తెలుగువారు ఊరక కల్పించుకొనలేదు. మిగులును ఆనవాలు లేకుండ తీసివేయుట యందు ఆ రెండు పనులకును పోలిక గలదు. బాడిశకును చిత్రికకును గల భేద మొక్కటియే: చిత్రికలో కత్తి ఒంటరిగా నుండక అడుగుపలక చాటున నుండును, పలక కంటె ఎంత వెలికి వచ్చిన అంతయే కోయును. లోతు నిర్ణయము చేతినుండి పనిముట్టునకు సంక్రమించుట ఇక్కడనే ఆరంభమైనది.

అయినను చిత్రికకు తీఱని శత్రువొకటి మిగిలినది. అది ఎదురునార. బోధనులో ఒక వృద్ధ వడ్రంగి తుమ్మ పలకకు చిత్రిక పట్టుచుండగా నేను దగ్గఱ నిలిచి చూచితిని. జానెడు దూరము వఱకు పొట్టు ఉంగరములై చుట్టుకొనుచు పైకి వచ్చినది. ముడి సమీపింపగానే ధ్వని మాఱినది. మఱుక్షణమున నార పెళుక్కున లేచి గోరంత గుంట పడినది. ఆయన మాటాడక పలకను త్రిప్పి పెట్టి ఆవలి దిశనుండి తోసెను. ముడికి ఇరుప్రక్కల నార ఎదురెదురుగా పోవును గనుక ఒక దిశకు మేలైనది వేఱొక దిశకు కీడగును. కత్తి మేకువలె నార క్రిందికి చొచ్చి, కోయుటకు ముందే దానిని ఎత్తివేయుటయే ఈ దోషమునకు మూలము. కత్తిపై రెండవ ఇనుమును బిగించి పొట్టును వెంటనే విఱుచు ఉపాయము దోషమును తగ్గించినది గాని మాన్పలేదు.

యంత్రయుగమున చరిత్ర రెండు పాయలుగా చీలినది. నా అభిప్రాయమున ఈ చీలికయే ముఖ్యము, దీనిని చాలమంది గమనింపరు. 1802లో ఇంగ్లండునందు జోసెఫ్ బ్రామా పేటెంటు పొందిన యంత్రములో ఒక నిలువు ఇరుసుకు అడ్డముగా పెద్ద చక్రమును, ఆ చక్రపు అడుగున కత్తులును అమర్చి, కొయ్యను దాని క్రింద నడిపించిరి. ఊల్విచ్ ఆయుధాగారమున అట్టిది పనిచేసినది. 1828లో అమెరికాలో విలియం వుడ్‌వర్త్ కత్తులను అడ్డముగా పరుండిన స్తంభమునకు బిగించెను. వేగమున నిదియే గెలిచినది. నేడు మన సా మిల్లులలోని ప్లేనరు దీని సంతతియే. కాని ఇది చిత్రిక దోషమును వెంటబెట్టుకొనియే వచ్చినది, ఏలయన స్తంభముపై తిరుగు కత్తియు నారను ఎత్తుచునే కోయును. 1834లో మసాచుసెట్సునందలి వూస్టరు పట్టణపు థామస్ డేనియల్స్ మరల నిలువు ఇరుసునకే వచ్చెను. ఆయన యంత్రము మెల్లనిదే. అయినను మెలివడిన దూలమును చక్కజేయుటలో దానికి గొప్ప ప్రతిష్ఠ కలిగినది.

డ్రిల్లింగు మిషనుకు తగిలించు చిత్రిక ఈ నిలువు ఇరుసు పాయకు చెందిన బిడ్డ. ఇరువదవ శతాబ్దమున వాగ్నర్ సేఫ్-టి-ప్లేనర్ అను పేర ప్రసిద్ధమైన పరికరము అరచేత నిముడునంతటి బిళ్ళ. అడుగున మూడు చిన్న గుండ్రని కత్తులు రవంత మాత్రమే వెలికి కనబడును. గిటారు చేయువారు దీనిని మిగుల ఆదరించిరి. బెజ్జము వేయు బరమా స్థానమున దీనిని బిగించి, బల్లకును కత్తికిని నడుమ కావలసిన మందమంత ఎడమునుంచి, పలకను క్రిందుగా తోయుదురు. కత్తి పలక తలమునకు సమాంతరముగా, నారకు అడ్డముగా, విల్లువంపున కోసికొని పోవును. ఎత్తు బలము స్వల్పమగుటచే ఎదురునార అంతగా లేవదు, ముడియు చాలవఱకు చిట్లదు. చిత్రికలో పలక పైభాగమే కొలతకు ఆధారము. ఇక్కడ బల్ల ఆధారము. పలక వంకర ఎట్టిదైనను, అడుగు చదునుగా నున్నచో మందము తప్పదు.

లోపములును కలవు. ఇరుసు బల్లకు సరిగా లంబముగా లేనిచో పలకపై గట్లు మిగులును. కత్తి వెలువడు అంచున నార పగులుట కద్దు. డ్రిల్లింగు మిషను నిలువు ఒత్తిడికై చేయబడినది గాని ప్రక్కవాటు ఒత్తిడికి కాదు. లోతు ఎక్కువైనచో పరికరమును పట్టియుంచు చక్కు సడలి ఊడిపడు ప్రమాద మున్నది. వెడల్పు పలకలకు ఇది తగినది కాదు, పని నెమ్మది.

బోధను కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడినది. చెఱకు బండ్లు అంతకు ముందే ట్రాక్టర్లకు దారియిచ్చినవి. తుమ్మతో బండిచక్రపు పూటీలు చేయు చేతులు తలుపులకును, మంచములకును మఱలినవి. పాత ఇండ్ల దూలములను విప్పి అమ్ముచోట్ల పండిన టేకు, మద్ది దొరకుచున్నది. దానిని పెట్టెలకును, తంత్రీవాద్యముల పలకలకును పలుచబఱచుటకు ఈ చిన్న పరికరము మిక్కిలి యుక్తమైనదని నా దృఢవిశ్వాసము. మన పట్టణములలో బెజ్జములు వేయుటకే నిలిచియున్న డ్రిల్లింగు మిషనుల యజమానులైన వడ్రంగి సోదరులకు నా విన్నపము: మొదట పనికిరాని తుమ్మ ముక్కపై ప్రయత్నింపుడు, అందులో మేకు మిగిలినదేమో తడవి చూడుడు, ఒక మిల్లీమీటరుకు మించిన లోతు పెట్టకుడు, కత్తి తిరుగు దిశకు ఎదురుగానే పలకను తోయుడు, వ్రేళ్ళతో గాక తోపుకఱ్ఱతో తోయుడు.