డల్లెస్ నుంచి శంషాబాద్ దాకా

ఆష్‌బర్న్‌లో మన ఇళ్ళ మీదుగా విమానం పోతుంటే పిల్లలు తలెత్తి కూడా చూడరు. డల్లెస్ వాళ్ళకు పొరుగూరు. 2022 నవంబరు 15న సిల్వర్ లైన్ రైలు ఇక్కడిదాకా వచ్చాక, మన స్టేషనుకూ విమానాశ్రయానికీ నడుమ ఉన్నది ఒక్క స్టేషనే. అయితే అక్కడి నుంచి హైదరాబాదు ఎంత దూరమని మనవలు అడిగితే మాత్రం మేము ఒక్క మాటలో చెప్పలేము.

లెక్క కడితే దగ్గర దారిన సుమారు 13,300 కిలోమీటర్లు. ఆ దారి తిన్నగా తూర్పుకు పోదు. ఉత్తరానికి ఎక్కి, ఆర్కిటిక్ వలయాన్ని దాటి, మళ్ళీ దక్షిణానికి దిగుతుంది. గంటకు 900 కిలోమీటర్ల వేగంతో ఎక్కడా ఆగకుండా పోతే పదిహేను గంటలు. ఇది పటం చెప్పే జవాబు. మేము ప్రయాణం చేసిన దారి వేరు.

ఎయిరిండియా బోయింగ్ 707 విమానాలు లండన్ మీదుగా న్యూయార్కు రావడం 1960లో మొదలైంది. డల్లెస్ 1962 నవంబరులో తెరిచారు. 1965 నాటి వలస చట్టం తరువాత మనవాళ్ళు ఈ దేశానికి రాసాగారు. ఇంటికి పోవాలంటే చాలామందికి న్యూయార్కు, లండన్, బొంబాయి, చివరకు బేగంపేట. 1981లో సహార్ టెర్మినల్ వచ్చాక బొంబాయిలో మరో తిప్పలు: అక్కడ దిగి, సామాను మోసుకుని, దేశీయ విమానానికి శాంతాక్రజ్ చేరాలి. కొద్ది కిలోమీటర్లే, కాని ఒక్కోసారి రాత్రంతా అక్కడే గడిచేది.

ఆ గంటల విలువ టెలిగ్రాం వచ్చిన రోజున తెలిసేది. తండ్రి పోయాడన్న కబురు ఇక్కడికి అందేసరికి అక్కడ దహనం అయిపోయేది. పదోరోజుకైనా అందుకుంటే చాలనుకుని బయలుదేరినవాళ్ళు మాలో ఉన్నారు. టిక్కెట్టుకు డబ్బు చాలక ఆగిపోయినవాళ్ళూ ఉన్నారు.

తరువాత దారులు పెరిగాయి. 2007లో డల్లెస్ నుంచి దోహాకు, 2012లో దుబాయికి విమానాలు వచ్చాయి. 2008 మార్చిలో శంషాబాద్ తెరుచుకుంది. దోహా మీదుగా పోతే దగ్గర దారికన్నా అదనంగా పోయేది సుమారు 750 కిలోమీటర్లు, అంటే గంట లోపే. అయినా ప్రయాణం ఇరవై గంటలు దాటుతుందంటే, మిగిలినది దిగడానికీ, ఎక్కడానికీ, కాచుకు కూర్చోవడానికీ పోయిన కాలమే.

వచ్చిన దారి నిలుస్తుందన్న నమ్మకమూ లేదు. 2017 జూలైలో ఎయిరిండియా మొదలుపెట్టిన ఢిల్లీ–డల్లెస్ సర్వీసు 2025 సెప్టెంబరు 1 నుంచి ఆగింది. విమానాలను మరమ్మతులకు పంపడం ఒక కారణం, పాకిస్తాన్ తన గగనతలాన్ని మూసివేయడం మరొకటి. కిలోమీటర్లు మారలేదు, గంటలు మారాయి.

ఈనాడు తాతమ్మల కడసారి చూపు సెల్‌ఫోనులో దొరుకుతుంది. అది చూపే గాని, చేయి పట్టుకోవడం కాదు. అందుకే మన పిల్లలకు మేము చెప్పేది ఒకటే: పెళ్ళికో చావుకో కబురు వచ్చేదాకా ఆగకండి. పెద్దవాళ్ళు గుమ్మంలో నిలబడి ఎదురుచూడగలిగిన రోజుల్లోనే ఒకసారి వెళ్ళి రండి.