అటు 16, ఇటు 16: ఆల్మట్టి కాడ ఆగిన సంకీర్ణం

కొంచెం పొడుగు పోస్టు, తీరిక దొరికినప్పుడు చదవండ్రి.

2024 ఎన్నికల్ల బీజేపీకి 240 సీట్లే వచ్చినయ్. సర్కారు నిలవడాలంటే 272 కావాలె. తెలుగుదేశం 16 మంది, నితీష్ కుమార్ పార్టీ 12 మంది తోడైతెనే గాడిన పడ్డది. మన తెలంగాణల కాంగ్రెస్‌కు 8, బీజేపీకి 8, మజ్లిస్‌కు 1. మహబూబ్‌నగర్ ఒక దిక్కు, నల్లగొండ ఒక దిక్కు. అప్పటి సంది మా దిక్కు హోటళ్ల కాడ ఒకటే ముచ్చట: పదహారు మంది చేతిల ఉంటే ఢిల్లీ మెడలు వంచొచ్చు, ఏది కావాలంటే అది తెచ్చుకోవచ్చు అని. ఈ మాటల నిజమెంత అని చూడాలంటే 1996 కాడికి పోవాలె. అప్పుడు గూడ తెలుగుదేశానికి సరిగ్గా 16 సీట్లే.

అంతకు ముందు 1989ల ఎన్టీఆర్ నేషనల్ ఫ్రంట్‌కు చైర్మన్. ఫ్రంట్ గెలిచి వీపీ సింగ్ ప్రధాని అయిండు, కాని ఎన్టీఆర్ పార్టీకి వచ్చినయి రెండే ఎంపీ సీట్లు. ఆయన స్వయంగ మన పాలమూరు జిల్లా కల్వకుర్తిల చిత్తరంజన్ దాస్ చేతిల ఓడిపోయిండు. దండు గెలిచింది, దొర ఓడిండు. అది వేరే కథ.

1996ల ఎవ్వరికీ మెజారిటీ రాలే. బీజేపీకి 161, కాంగ్రెస్‌కు 140. వాజ్‌పేయి ప్రమాణం చేసిండు గని బలం సరిపోక 13 రోజులకే దిగిపోయిండు. చిన్న పార్టీలన్ని కలిసి యునైటెడ్ ఫ్రంట్ కట్టినయ్. జ్యోతిబసును ప్రధాని చేద్దామంటే ఆయన పార్టీ సీపీఎం వద్దన్నది. ఆఖరికి కర్ణాటక ముఖ్యమంత్రి దేవెగౌడ జూన్ 1న ప్రధాని అయిండు. ఫ్రంట్‌కు కన్వీనర్ మన ముఖ్యమంత్రి చంద్రబాబు. కాంగ్రెస్ బయటి నుంచి మద్దతు. సీపీఐ మొదటిసారి కేంద్ర సర్కారుల చేరింది. ఇంద్రజిత్ గుప్తా హోం మంత్రి, మన వ్యవసాయ శాఖ చతురానన్ మిశ్రా చేతిల పెట్టిండ్రు.

ఆ ఎన్నికల్లనే మన నల్లగొండ దేశమంత తెలిసింది. ఒక్క ఎంపీ సీటుకు 480 మంది పోటీ. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పిల్లల కాళ్లు వంకర పోతున్నయ్, ముప్పై ఏండ్లకే నడుములు వంగిపోతున్నయ్, కృష్ణ నీళ్లు ఇయ్యండ్రి అని దుశర్ల సత్యనారాయణ నడిపిన జల సాధన సమితి వందల మందితోటి నామినేషన్లు వేయించింది. అంతమందికి బ్యాలెట్ అచ్చు వెయ్యలేక పోలింగే వెనక్కి జరిపిండ్రు. బ్యాలెట్ పేపరు కాదది, పుస్తకం. నేను గూడ ఆ పుస్తకంల గుర్తు ఎతుక్కొని ముద్ర గుద్దినోన్నే. గెలిచింది సీపీఐ బొమ్మగాని ధర్మభిక్షం. అంటే మన ఎంపీ గూడ ఢిల్లీల అధికార కూటమి మనిషే. కన్వీనర్ మనోడు, ఎంపీ మనోడు, ఇంకేంగావాలె?

అప్పుడు అడ్డం వచ్చింది ఆల్మట్టి. ఎరుక లేనోళ్లకు చెప్తున్న. కృష్ణమ్మ కర్ణాటకల ముందుగాల ఆల్మట్టి, దాని కింద నారాయణపూర్, ఆ తర్వాతనే మన జూరాల, శ్రీశైలం, సాగర్. పైన గోడ ఎంత లేస్తే కింద నీళ్లు అంత ఆలస్యం. నాట్లకు ఆగస్టు నీళ్లు అక్టోబర్‌ల వస్తే ఏమైతదో మీకు నేను చెప్పాల్నా? కర్ణాటక 524 మీటర్లు లేపుతమన్నది. మన రాష్ట్రం 509 దాటొద్దన్నది. ప్రధాని కుర్చీల ఉన్నది కర్ణాటక మనిషి, ఆయనను కూసోబెట్టినోళ్లల్ల ఒకరు మన ముఖ్యమంత్రి.

ఇగ ఇక్కడ లెక్క చూడండ్రి. ఆ ఎన్నికల్ల కర్ణాటకల దేవెగౌడ జనతాదళ్‌కు వచ్చినయి గూడ 16 సీట్లే. అటు 16, ఇటు 16. సర్కారును పడగొడితే మనకు ఒరిగేది లేదు, పడగొట్టకుంటే గోడ లేస్తది. ఫ్రంట్‌ల ఉన్న నలుగురు ముఖ్యమంత్రులతోటి కమిటీ వేసిండ్రు. నిపుణులు 519.6 మీటర్లు చాలన్నరు. 2000ల సుప్రీంకోర్టు గూడ ఇప్పటికి ఆ ఎత్తు కాడికే అన్నది. 2010ల బ్రిజేశ్ కుమార్ ట్రిబ్యునల్ 524కు ఒప్పుకున్నది. నా లెక్కల సంకీర్ణంల బేరం పైసలకు, పదవులకు మంచిగ నడుస్తది. నీళ్ల కాడికి వస్తే మాత్రం పై రాష్ట్రమోడు గూడ అదే కూటమిల కూసుంటడు, ఇద్దరి బలం కొట్టుకపోతది.

ఇంకో మాట. ఆల్మట్టి కొట్లాటల "మన నీళ్లు" అన్నరు గని, ఆ నీళ్లల్ల మెట్ట మీద ఉన్న నల్లగొండ, పాలమూరు వాటా ఎంతో ఎవ్వరూ గట్టిగ అడగలే. ఇక్కడ బోర్లల్ల ఫ్లోరైడే, అక్కడ బొంబాయి వలసలే. ఎస్ఎల్‌బీసీ సొరంగం ఇప్పటికీ పూర్తి కాలే. 2025 ఫిబ్రవరిల కూలి ఎనిమిది మంది అండ్లనే చిక్కుకపోయిండ్రు.

మన 480 మందికి ఢిల్లీ చెప్పిన జవాబు మాత్రం జల్ది వచ్చింది. అదే ఏడాది ఆగస్టుల ఎంపీ డిపాజిట్ 500 నుంచి 10,000 చేసిండ్రు, స్వతంత్రులకు పది మంది ప్రతిపాదకులు కావాలన్నరు. 2010ల 25,000 అయింది. అప్పుడు 480 మందికి రెండు లక్షల నలబై వేలు సరిపోయె, ఇప్పుడైతే కోటి ఇరవై లక్షలు. అయినా 2019ల నిజామాబాద్ పసుపు రైతులు తగ్గలే, ఆ సీటుకు 185 మంది నిలవడ్డరు. సిట్టింగ్ ఎంపీ ఓడిపోయింది.

దేవెగౌడ సర్కారును 1997 ఏప్రిల్‌ల కాంగ్రెసే దించింది. గుజ్రాల్ వచ్చిండు, ఆయనను గూడ ఏడాది నిండకుండనే దించిండ్రు. మన జైపాల్ రెడ్డి గుజ్రాల్ కాడ మంత్రి చేసిండు. 2004ల టీఆర్ఎస్ ఐదు సీట్లతోటి యూపీఏల చేరి, తెలంగాణ మాట ఉమ్మడి కార్యక్రమంల రాయించి, 2006ల బయటికి వచ్చింది. 2009ల కేసీఆర్ మన మహబూబ్‌నగర్ నుంచి గెలిచినప్పుడు ఆ పార్టీకి ఉన్నయి రెండే ఎంపీ సీట్లు. అయినా 2014ల బిల్లు పాసయ్యింది, కాంగ్రెస్, బీజేపీ రెండూ చెయ్యెత్తినయి గాబట్టి.

ఇప్పుడు ఢిల్లీల దేవెగౌడ కొడుకు కుమారస్వామి మంత్రి. అదే కేబినెట్‌ల తెలుగుదేశపోళ్లు. ఆల్మట్టిని 524కు లేపే ముచ్చట ఇంకా ఒడువలే. 1996ల నామినేషన్ వేసినోళ్లు మీ ఊర్ల ఎవరన్న ఉంటే, ఏ గుర్తు వచ్చిందో, ఎన్ని ఓట్లు పడ్డయో అడిగి కింద రాయండ్రి.