మెదడు చిత్రణలో సీటీ స్కాన్ ఆవిర్భావం: చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం:
సజీవ మానవుని మెదడును అడ్డుకోత చిత్రంగా చూపిన సీటీ స్కాన్ 1971లో వైద్యరంగంలోకి వచ్చింది. దానికి ఆధారమైన గణితం 1917లోనే అచ్చయింది. ఈ రెండింటి నడుమ గడిచిన అర్ధశతాబ్ద కాలాన్ని, ఆ జాప్యానికి గల కారణాలను పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలక పదాలు: మెదడు, ఎక్స్-కిరణాలు, సీటీ స్కాన్, రాడాన్, కార్మాక్, హౌన్స్‌ఫీల్డ్.

1. ఉపోద్ఘాతం:
1895 నవంబరు 8న జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌లో విల్‌హెల్మ్ రాంట్‌జెన్ ఎక్స్-కిరణాలను కనుగొన్నాడు. విరిగిన ఎముకను, ఒంట్లో దిగిన తూటాను చూపగలిగిన ఈ కిరణాలు మెదడు విషయంలో మాత్రం విఫలమయ్యాయి. కపాలం వాటిని అధికంగా పీల్చుకుంటుంది. మెదడు కణజాలానికి, చుట్టూ ఉన్న ద్రవానికి, లోపల పెరిగే కణితికి మధ్య సాంద్రతాభేదం చాలా స్వల్పం. పైగా సాధారణ ఎక్స్-రే చిత్రంలో ముందువెనుకల ఉన్న భాగాల నీడలన్నీ ఒకదానిపై ఒకటి పడతాయి.

2. రోగి భరించిన పద్ధతులు:
బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి శస్త్రవైద్యుడు వాల్టర్ డాండీ 1918లో కపాలానికి రంధ్రం చేసి, మెదడు లోపలి కుహరాల్లోని ద్రవాన్ని కొంత తీసి గాలి నింపే పద్ధతిని ప్రకటించాడు. మరుసటి ఏడాది వెన్నులోకి సూది గుచ్చి గాలి ఎక్కించే పద్ధతి వచ్చింది. గాలి నిండిన కుహరాలు చిత్రంలో నల్లగా కనిపిస్తాయి. అవి ఒక పక్కకు జరిగి ఉంటే, రెండవ పక్క నుండి కణితి తోస్తున్నదని వైద్యులు ఊహించేవారు. అంటే కనిపించింది మెదడు కాదు, దాని నడుమనున్న ఖాళీ. ఈ సమాచారం కోసం రోగులు తీవ్రమైన తలనొప్పిని, వాంతులను, కొన్ని సందర్భాల్లో ప్రాణాపాయాన్ని ఎదుర్కొన్నారు. 1927లో లిస్బన్‌లో ఈగాస్ మోనిజ్ మెడలోని ధమని ద్వారా మందు ఎక్కించి మెదడు రక్తనాళాలను చిత్రించాడు. ఇందులోనూ కనిపించింది నాళాలే గాని మెదడు కణజాలం కాదు.

3. అచ్చులోనే ఉండిపోయిన పరిష్కారం:
ఒక తలానికి అన్ని దిక్కులనుండి రేఖల వెంట తీసిన మొత్తాలు తెలిస్తే, ఆ తలంలోని ప్రతి బిందువు విలువను తిరిగి రాబట్టవచ్చునని ఆస్ట్రియా గణితజ్ఞుడు యోహాన్ రాడాన్ 1917లో నిరూపించాడు. ఆ సిద్ధాంతంలో వైద్య ప్రస్తావన లేదు. 1956లో రేడియో ఖగోళ శాస్త్రంలో రొనాల్డ్ బ్రేస్‌వెల్ ఇదే తరహా సమస్యను పరిష్కరించాడు. అదే ఏడాది కేప్‌టౌన్‌లోని గ్రూట్ షూర్ ఆసుపత్రిలో పనిచేసిన భౌతిక శాస్త్రవేత్త ఆలన్ కార్మాక్, రేడియేషన్ చికిత్స మోతాదు నిర్ణయానికి శరీరంలోని శోషణ వివరాలు అవసరమని గుర్తించాడు. రాడాన్ పరిష్కారం తెలియకనే స్వయంగా గణితాన్ని రూపొందించి 1963, 1964లలో ప్రచురించాడు. వాటికి దాదాపు స్పందన రాలేదు. 1961లో అమెరికా నాడీవైద్యుడు విలియం ఓల్డెన్‌డార్ఫ్ ఇదే లక్ష్యంతో ఒక నమూనా పరికరాన్ని వర్ణించాడు.

4. హౌన్స్‌ఫీల్డ్ యంత్రం:
గ్రామఫోను రికార్డులకు పేరుపొందిన బ్రిటిష్ సంస్థ ఈఎమ్‌ఐలో ఇంజనీరు గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ 1967లో ఈ ఆలోచన చేపట్టాడు. అతనికి విశ్వవిద్యాలయ పట్టా లేదు. తొలి ప్రయోగంలో ఒక్క చిత్రానికి కావలసిన 28,000 కొలతలు సేకరించడానికి 9 రోజులు, వాటిని కంప్యూటరులో గణించడానికి 2.5 గంటలు పట్టాయి. 1971 అక్టోబరు 1న లండన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో, రేడియాలజిస్టు జేమ్స్ ఆంబ్రోస్ సహకారంతో, మెదడులో కణితి ఉన్నదని అనుమానించిన ఒక మహిళకు తొలి స్కాన్ జరిగింది. కణితి చిత్రంలో స్పష్టంగా కనిపించింది. ఆ చిత్రం 80 అడ్డు, 80 నిలువు గడుల పట్టిక. ప్రతి గడీ ఒక సంఖ్య. నీటికి 0, గాలికి -1000గా లెక్కించే నేటి కొలమానం హౌన్స్‌ఫీల్డ్ పేరుతోనే ఉంది.

1971లోనే భారతీయ శాస్త్రవేత్తలు జి.ఎన్. రామచంద్రన్, ఎ.వి. లక్ష్మీనారాయణన్ చిత్ర పునర్నిర్మాణ గణనను సులభతరం చేసే పద్ధతిని ప్రచురించారు. అది నేటికీ రామ్-లాక్ ఫిల్టర్‌గా పాఠ్యగ్రంథాల్లో నిలిచింది.

5. జాప్యానికి కారణాలు:
ఈ అర్ధశతాబ్ద జాప్యాన్ని కేవలం ఉపేక్షగా భావించడం సరికాదు. వేల సమీకరణాలను చేతితో సాధించడం అసాధ్యం కనుక, కంప్యూటర్లు వచ్చేవరకు రాడాన్ సిద్ధాంతం వైద్యానికి ఉపకరించేది కాదు. కాని 1956 తరువాతి కాలానికి ఈ సమాధానం చాలదు. అప్పటికి గణితం, యంత్రం, అవసరం మూడూ ఉన్నాయి. ఖగోళ శాస్త్రవేత్త, భౌతిక శాస్త్రవేత్త, వైద్యుడు ఎవరి పత్రికలు వారు చదువుకోవడం వల్ల అవి ఒకచోట చేరలేదు.

ముగింపు:
1979లో కార్మాక్, హౌన్స్‌ఫీల్డ్‌లకు వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. వీరిద్దరూ వైద్యులు కారు. 1973లో పాల్ లాటర్‌బర్ ప్రచురించిన తొలి ఎమ్మారై చిత్రం కూడా అనేక దిక్కుల కొలతల నుండి పునర్నిర్మించినదే. మెదడులోకి గాలి ఎక్కించే పరీక్ష సీటీ స్కాన్ రాకతో క్రమంగా కనుమరుగైంది. శాస్త్రశాఖల మధ్య సంభాషణ కొరవడినప్పుడు దాని మూల్యాన్ని శాస్త్రవేత్తల కన్నా రోగులే ఎక్కువగా చెల్లిస్తారని ఈ చరిత్ర స్పష్టం చేస్తున్నది.